ఆయాసం జోలికి పోవద్దు

హన్మకొండ వడ్డేపల్లి చెరువు కట్ట మీద పొద్దున్నే ఉరికే మా వాట్సాప్ గ్రూపులో మొన్న ఒక వీడియో వచ్చింది. తలకు హెడ్‌ఫోన్ లాంటిది తగిలించుకుని ఒకాయన సైకిల్ తొక్కుతుంటాడు. ఇరవై నిమిషాలు మెదడుకు సన్నగా కరెంటు ఇస్తే ఓర్పు పెరుగుతుందని, అలసట ఆలస్యంగా వస్తుందని వెనక నుంచి ఒక గొంతు చెప్తుంటుంది. గ్రూపులో సగం మంది నవ్వే బొమ్మలు పెట్టారు, మిగతా సగం ధర అడిగారు. ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో కానిస్టేబుల్ ఈవెంట్స్‌కు ప్రాక్టీస్ చేసే ఒక పిల్లగాడు మాత్రం నాకు విడిగా మెసేజ్ పెట్టాడు: "సార్, ఇది నిజమేనా? నాకు మూడో రౌండ్ల దమ్ము ఆగుతలేదు. దీంతోని ఏమన్న అయితదా?"

నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను, కాబట్టి కరెంటు మాట ఎక్కడ వచ్చినా నన్నే అడుగుతారు. అవుననో కాదనో ఒక్క ముక్కలో తేల్చేయొచ్చు. కానీ ఆ వీడియో కింద జరిగిన వాదన చూశాక కొంచెం పెద్దగానే రాయాలనిపించింది. అక్కడ అందరూ కొట్లాడుకున్నది ఇది మోసమా, డోపింగా, క్రీడాస్ఫూర్తికి విరుద్ధమా అని. నా అభ్యంతరం అది కాదు. ఉరికేటప్పుడు 'ఇప్పుడు ఇంత కష్టంగా ఉంది' అని లోపలి నుంచి ఒక కబురు అందుతుంటుంది. ఈ వ్యాసంలో ఆయాసం అని నేను అనేది ఒట్టి రొప్పును కాదు, ఆ కబురును. మంచి వాచీ లేని, కోచ్ లేని, పరీక్షలు చేసే ల్యాబ్ లేని మన పిల్లలకు ఉన్న కొలత అదొక్కటే. దాన్ని సరిగ్గా వినడం నేర్పించడం మానేసి, దాని గొంతు నొక్కే పని ఎవరు చేస్తామన్నా నాకు ఒప్పుదల లేదు.

ఇలా అన్నంత మాత్రాన వాదన గెలిచినట్టు కాదని నాకూ తెలుసు. ఎందుకంటే అవతలి వాళ్ల మొదటి మాట, అలసట తలలోనూ ఉందన్నది, నిజం.

తలలోనే ఉందన్నది అబద్ధం కాదు

అలసిపోవడం అంటే కండరాల్లో సత్తువ అయిపోవడమే అని మనం స్కూల్లో చదువుకున్నాం. 2010లో సామ్యుయేల్ మార్కోరా, వాల్టర్ స్టైయానో అనే ఇద్దరు పరిశోధకులు రగ్బీ ఆటగాళ్లను సైకిళ్లు ఎక్కించి సగటున 242 వాట్ల శక్తితో ఇక తొక్కలేం అనేదాకా తొక్కించారు. దాదాపు పది నిమిషాలకు అందరూ చేతులెత్తేశారు. వాళ్లు ఆగిన ఆ క్షణంలోనే, ఐదు సెకన్లపాటు ఎంత బలంగా తొక్కగలిగితే అంత బలంగా తొక్కమన్నారు. సగటున 731 వాట్లు వచ్చింది! 242 వాట్లు కూడా ఇక మా వల్ల కాదన్న కాళ్లే దానికి మూడింతలు ఇచ్చాయి. ఐదు సెకన్లకే కదా, ఆ శక్తి వేరే దారిలో వస్తుంది కదా అని వాదించేవాళ్లు ఉన్నారు, ఆ వాదనలో బలం కూడా ఉంది. అయినా ఆగిపోవడానికి కారణం కండరం ఖాళీ కావడం ఒక్కటే కాదన్నది దీంతో తేలిపోతుంది.

అదే మార్కోరా 2009లో చేసిన ఇంకో ప్రయోగం మన హన్మకొండ స్టడీ హాళ్లలో కూర్చునే వాళ్లందరికీ చెప్పాలి. ఒకసారి తొంభై నిమిషాలపాటు కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, ఏకాగ్రత తప్పితే కుదరని విసుగు పని చేయించాడు. ఇంకోసారి అంతసేపూ మామూలు డాక్యుమెంటరీ చూపించాడు. తర్వాత సైకిల్ తొక్కిస్తే, మెదడు అలసిన రోజున దాదాపు 15 శాతం ముందే ఆగిపోయారు. గుండె, ఊపిరి కొలతల్లో దానికి తగ్గ తేడా ఏమీ కనబడలేదు. మొదటి నుంచీ కష్టంగా అనిపించింది, అంతే.

నాకు బాగా నచ్చింది ఇంకొకటి ఉంది. 2004లో బ్రిటన్‌లో సైకిల్ తొక్కేవాళ్లకు రుచి లేని మాల్టోడెక్స్‌ట్రిన్ కలిపిన నీళ్లు ఇచ్చి, మింగొద్దు, పుక్కిలించి ఉమ్మేయండి అన్నారు. కడుపులోకి చుక్క పోలేదు. అయినా గంటసేపటి టైమ్ ట్రయల్‌లో సుమారు 3 శాతం మెరుగయ్యారు. నోట్లో తగిలిన పిండిపదార్థాన్ని పసిగట్టి, తిండి వస్తోందిలే అని మెదడు కొంచెం పట్టు సడలించిందన్నమాట. మన గ్రౌండ్లలో గ్లూకోజ్ ప్యాకెట్ నాలుక మీద వేసుకున్న మరుక్షణమే "ఒంట్లకు శక్తి వచ్చింది" అనే వాళ్లను చూసి నేను నవ్వేవాణ్ణి. ఇప్పుడు నవ్వడం లేదు.

కాబట్టి పరిమితిని మెదడు కూడా నిర్ణయిస్తుంది. మరి మెదడుకే నేరుగా కరెంటు ఇస్తే?

రెండు మిల్లీయాంపులు

ఈ పద్ధతి పేరు టీడీసీఎస్. ఉప్పునీళ్లలో తడిపిన స్పాంజిలో ఎలక్ట్రోడ్ పెట్టి, పుర్రె పైనుంచి ఒకటి రెండు మిల్లీయాంపుల డైరెక్ట్ కరెంటు పది నుంచి ఇరవై నిమిషాలు పంపిస్తారు. చిన్న ఎల్ఈడీ బల్బు వెలగడానికి దాదాపు 20 మిల్లీయాంపులు కావాలి, దీనికి అందులో పదో వంతు. ఈ కాస్త కరెంటు మెదడు కణాల చేత నేరుగా సంకేతాలు పంపించదు. వాటి విశ్రాంతి వోల్టేజీని కొద్దిగా అటూ ఇటూ జరిపి, అవి స్పందించడాన్ని కాస్త తేలికో కష్టమో చేస్తుంది. 2000లో జర్మనీలోని గొట్టింగెన్‌లో నిట్షే, పౌలుస్ చేసిన పనితో ఇది మళ్లీ ఊపందుకుంది. కదలికలను నడిపించే మోటార్ కార్టెక్స్ స్పందన ఈ కరెంటుతో 40 శాతం దాకా మారిందని వాళ్లు చూపించారు.

ఆటల్లోకి వచ్చేసరికి ఫలితాలు రకరకాలు. బ్రెజిల్‌లో అలెగ్జాండ్రే ఒకానో బృందం పది మంది జాతీయ స్థాయి సైక్లిస్టులకు ఎడమ కణత వైపు 20 నిమిషాలు కరెంటు ఇస్తే గరిష్ఠ శక్తి సుమారు 4 శాతం పెరిగింది. 2018లో కెంట్ విశ్వవిద్యాలయానికి చెందిన లూకా ఆంజియస్ బృందం పన్నెండు మందికి రెండు వైపులా మోటార్ కార్టెక్స్ మీద ఇస్తే, ఆగిపోయేదాకా తొక్కే సమయం దాదాపు 23 శాతం పెరిగింది, కష్టం తక్కువగా అనిపించింది. వీడియోలో ఊదరగొట్టింది ఇలాంటి అంకెలనే.

వీడియో చెప్పనివి కూడా ఉన్నాయి. అదే ఆంజియస్ 2015లో ఎలక్ట్రోడ్లు వేరే రకంగా అమర్చి చూసినప్పుడు, చన్నీళ్లలో చెయ్యి పెడితే నొప్పి తక్కువ అనిపించింది కానీ సైకిల్ మీద ఓర్పు ఏమీ పెరగలేదు. 2016లో మార్టిన్ బార్‌వుడ్ బృందం మామూలు వాతావరణంలోనూ వేడిలోనూ చూసింది, లాభం కనబడలేదు. స్పెయిన్‌లో డారియాస్ హోల్గాడో బృందం 2019లో, ఈ రంగంలో పెద్ద సంఖ్యే అనదగ్గ 36 మంది శిక్షణ పొందిన సైక్లిస్టుల మీద ప్రయత్నిస్తే మళ్లీ ఏమీ లేదు. పదీ పన్నెండు మందితో చేసిన ప్రయోగాల్లో పెద్ద పెద్ద శాతాలు రావడం, మందిని పెంచగానే అవి కరిగిపోవడం ఇతర రంగాల్లోనూ చూస్తున్నదే.

ఫిజిక్స్ వాడిగా నన్ను ఎక్కువ ఆపింది ఇంకొక ప్రశ్న: అసలు ఆ కరెంటు లోపలికి ఎంత పోతోంది? చర్మం, దాని కింది తడి కణజాలం కరెంటును బాగా మోస్తాయి, పుర్రె ఎముక అంతగా మోయదు. తేలిక దారి దొరికాక కరెంటు ఎముకలోకి దూరడానికి ఎందుకు కష్టపడుతుంది? న్యూయార్క్‌లో జ్యోర్జి బుజాకీ ల్యాబ్ వాళ్లు శవాల మీద కొలిచి 2018లో చెప్పిన లెక్క ప్రకారం, పైనుంచి ఇచ్చిన దాంట్లో దాదాపు 75 శాతం చర్మం, కణజాలం, ఎముక దగ్గరే పోతుంది. మిగిలింది కూడా ఒక బిందువు దగ్గర ఆగదు, పరుచుకుంటుంది. ఒకానో బృందం గురిపెట్టిన ఇన్సులా అనే భాగం మెదడు పైపొరలో ఉండదు, మడతల లోపల ఉంటుంది. కణత మీద తడి స్పాంజి పెట్టి అంత లోపలి భాగాన్ని ఏరి కోరి తాకామంటే నమ్మడానికి నా చదువు ఒప్పుకోవడం లేదు. అలాగని ఏమీ జరగడం లేదనీ అనలేను, పావు వంతు పోయినా పోయినట్టే.

బజారు కథ కూడా చూడాలి. అమెరికాలో హాలో న్యూరోసైన్స్ అనే కంపెనీ 2016లో ఆటగాళ్ల కోసం హెడ్‌సెట్ తెచ్చింది, అక్కడి స్కీ జట్టుతో కలిసి పనిచేసింది, పేరున్న బాస్కెట్‌బాల్ ఆటగాళ్ల తలల మీద కనబడింది. అప్పట్లో ఆ హడావుడి అంతా ఇంతా కాదు. 2021లో దాన్ని ఫ్లో అనే స్వీడన్ కంపెనీ కొనేసింది, ఆ కంపెనీ ధ్యాస డిప్రెషన్ చికిత్స మీద. నిజంగా నాలుగు శాతం లాభం ఖాయంగా వచ్చేదైతే, అర శాతం కోసం సైకిల్ ఫ్రేము మీద పెయింట్ బరువు కూడా తగ్గించుకునే ప్రొఫెషనల్ జట్లు దాన్ని అలా వదిలేసేవా?

ఇది విని కొందరు ఇంట్లోనే తొమ్మిది వోల్టుల బ్యాటరీతో చేసుకోవచ్చట కదా అంటారు, అలాంటి వీడియోలు కూడా ఉన్నాయి. దయచేసి వద్దు. చర్మం నిరోధం నిమిష నిమిషానికీ మారుతుంది, స్పాంజి ఒక పక్క ఆరితే కరెంటంతా మిగిలిన తడి చోటు గుండానే పోయి కాలుతుంది. ల్యాబుల్లో కరెంటును స్థిరంగా ఉంచే పరికరం వాడతారు, మూర్ఛ ఉన్నవాళ్లనూ తలలో లోహం ఉన్నవాళ్లనూ ముందే పక్కన పెడతారు. బ్యాటరీకి ఆ విచక్షణ లేదు.

నాలుగు సెకన్ల మాట

ఇక్కడ ఆపేస్తే 'పని చేయదు, పోండి' అని సులువుగా ముగించినట్టవుతుంది. కానీ ఆ పిల్లగాడి వైపు నుంచి చూస్తే లెక్క వేరు.

ముందు ఆ 23 శాతం సంగతి. ఒకే వేగంతో ఆగిపోయేదాకా తొక్కే పరీక్షలో సమయం చాలా సాగుతుంది. ఫలానా దూరాన్ని ఎంత త్వరగా దాటావు అనే పందెంలో అదే మార్పు ఒకటి రెండు శాతానికి కుదించుకుపోతుంది. సరే, ఒక శాతమే అనుకుందాం. 2022 నోటిఫికేషన్ ప్రకారం మన దగ్గర కానిస్టేబుల్ అభ్యర్థులు, మగవాళ్లు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో పూర్తి చేయాలి. అంటే 435 సెకన్లు. అందులో ఒక శాతం నాలుగు సెకన్ల పైచిలుకు. 7:18కి వచ్చేవాడికి ఆ నాలుగు సెకన్లే ఉద్యోగం. మా పీఈటీ సార్ ఒకాయన దగ్గర ఇదంతా చెప్తే ఆయన నన్ను కడిగిపారేశాడు: "మీకేంది సార్, మీరు ఆరోగ్యం కోసం ఉరుకుతరు. ఆడు నౌకరి కోసం ఉరుకుతున్నడు. నాలుగు సెకన్లు తక్కువ పడితే మూడేండ్ల చదువు మట్టిల పోతది." నా దగ్గర వెంటనే జవాబు లేకపోయింది. ఇప్పటికీ ఆ మాటలో న్యాయం ఉందనే అనుకుంటున్నాను.

అయితే ఆ ఒక్క శాతం కరెంటు వల్లే రావాలని లేదు. గ్లాస్గోలో 2015లో పదిహేను మంది రన్నర్లకు ఒట్టి ఉప్పునీళ్ల ఇంజెక్షన్ ఇచ్చి, ఇది ఈపీఓ లాంటి, అంటే ఎర్ర రక్తకణాలను పెంచే, మందు అని చెప్పారు. మూడు కిలోమీటర్ల పందెంలో 1.2 శాతం మెరుగయ్యారు. నమ్మకం ఒక్కటే అంత పని చేసింది. టీడీసీఎస్ ప్రయోగాల్లో కూడా ఉత్తుత్తి కరెంటు పద్ధతి ఉంటుంది. మొదట అర నిమిషం ఇచ్చి ఆపేస్తారు, చురచుర మొదట్లోనే కాబట్టి నిజంగా ఇస్తున్నారో లేదో తెలియకూడదని. కానీ రెండు మిల్లీయాంపుల దగ్గర కొందరు కనిపెట్టేస్తారు, చర్మం ఎర్రబడినా తెలిసిపోతుంది. తెలిసిపోయాక వచ్చిన మెరుగు కరెంటుదా, నమ్మకానిదా?

నమ్మకానిదైతే మాత్రం ఏం, సెకన్లు వచ్చాయి కదా అంటారా? అనొచ్చు. అప్పుడు నేను 2014 నాటి ఇంకో ప్రయోగం చూపిస్తాను. బ్లాంచ్‌ఫీల్డ్, మార్కోరా బృందం 24 మందిని తీసుకుని, సగం మందికి తమతో తాము మాట్లాడుకోవడం నేర్పింది. మొదట్లో ఏమనుకోవాలి, కాళ్లు లాగేటప్పుడు ఏమనుకోవాలి అని ఎవరికి వాళ్లు మాటలు ఎంచుకుని రెండు వారాలు సాధన చేశారు. ఆగిపోయేదాకా తొక్కే సమయం 18 శాతం పెరిగింది, కష్టం తక్కువగా అనిపించింది. ఇది కూడా చిన్న ప్రయోగమే, పైన కరెంటుకు పెట్టిన అనుమానం దీనికీ పెట్టాలి. కానీ ఖర్చు లేదు, చర్మం కాలదు. "ఈ రౌండ్ నాది", "ఇంకొక్క మలుపు" అని గొణుక్కుంటూ ఉరికేవాళ్లను జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో ఏ పొద్దున చూసినా కనబడతారు. వాళ్లకు ఎవరూ ఇది సైన్స్ అని చెప్పలేదు.

మీరు అడగొచ్చు: మాటతో కష్టాన్ని తగ్గించుకోవడం సరే, కరెంటుతో తగ్గించుకోవడం వద్దా? రెండూ ఆయాసం గొంతును తగ్గించడమే కదా? నా వాదనలో అసలు చిక్కు ఇక్కడే ఉంది.

ఫీజు తీగ

పరకాల దగ్గర మా ఊళ్లో బోరు మోటారు ఫీజు మాటిమాటికీ కొట్టేస్తుంటే కొందరు సన్న తీగ తీసేసి లావు తీగ చుట్టేవారు. ఇక ఫీజు పోదు, మోటారు కాలుతుంది. ఆయాసం మన ఒంటికి అలాంటి ఫీజే.

2005లో ఫిల్ వాట్సన్ బృందం సైకిల్ తొక్కేవాళ్లకు బుప్రోపియాన్ ఇచ్చి చూసింది. డిప్రెషన్‌కు వాడే మందు అది, మెదడు రసాయనాల మీద పనిచేస్తుంది. మామూలు వాతావరణంలో లాభం లేదు. 30 డిగ్రీల గదిలో మాత్రం సగటున వేగంగా తొక్కారు. ఒంట్లో వేడి చాలామందికి 40 డిగ్రీలు దాటింది. భయపెట్టేది ఏమిటంటే, అంత వేడెక్కినా వాళ్లకు కష్టం గానీ ఉక్క గానీ ఎక్కువగా అనిపించలేదు. శరీరం వేడెక్కింది, కబురు మాత్రం అందలేదు. అది 30 డిగ్రీల గది. మన దగ్గర మార్చి దాటితే ఎండ సంగతి చెప్పక్కర్లేదు, రామగుండం వైపు మేలో 45 కూడా చూస్తాం.

1967 జులై 13న టూర్ డి ఫ్రాన్స్‌లో మాంట్ వెంటూ కొండ ఎక్కుతూ టామ్ సింప్సన్ అనే బ్రిటిష్ సైక్లిస్టు పడిపోయి చనిపోయాడు. మండే ఎండ, ఒంట్లో ఆంఫెటమిన్ అనే ఉత్తేజపు మందు. ఆగు అని చెప్పాల్సింది చెప్పలేదు, చెప్పినా వినపడలేదు. అంత దూరం, అంత పాత కాలం ఎందుకంటే దగ్గరిదే ఉంది. 2024 ఆగస్టు, సెప్టెంబర్ నెలల్లో జార్ఖండ్‌లో ఎక్సైజ్ కానిస్టేబుల్ నియామకాల కోసం గంటలో 10 కిలోమీటర్లు ఉరకాలన్న పరీక్షలో పది మందికి పైగా అభ్యర్థులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ ప్రాణాలు పోయింది ఏ హెడ్‌సెట్ వల్లా కాదు. వేడి, ఉక్క, ముందు ప్రాక్టీస్ లేకపోవడం, అన్నిటికీ మించి ఆగితే ఉద్యోగం పోతుందన్న భయం. ఆగమని ఒళ్లు చెప్తున్నా వినకుండా ఉండటానికి ఆ భయం ఒక్కటే చాలు. దానికి తోడు ఆ మాట వినపడకుండా చేసే పరికరం కూడా ఎందుకు?

దీనికి ఎదురు ప్రశ్న నేనే వేసుకుంటాను. టీడీసీఎస్ ఆంఫెటమిన్ కాదు. ఇన్నేళ్ల ప్రయోగాల్లో ఎక్కువగా కనబడింది దురద, చురచుర, కాస్త తలనొప్పి. రెండు మిల్లీయాంపులు ఎవరినీ సింప్సన్‌ను చేయలేవు. ఒప్పుకుంటాను. కానీ అప్పుడు అమ్మేవాళ్లు కూడా ఒకటి ఒప్పుకోవాలి. ఆయాసాన్ని గట్టిగా తగ్గించేంత బలం దానికి ఉంటే, ఎండలో ఉరికేవాడికి ప్రమాదం కూడా ఉంటుంది. ప్రమాదం ఏమాత్రం లేనంత బలహీనమైనదైతే, డబ్బు పెట్టి కొనడం దేనికి? బలమైనది, పూర్తిగా సురక్షితమైనది అని రెండు మాటలూ ఒకే అట్టపెట్టె మీద రాయడం కుదరదు.

కాఫీ సంగతేమిటని మా గ్రూపులో ఒక అక్క అడిగింది. మంచి ప్రశ్న. కెఫీన్ పనిచేసేది కూడా మెదడులోనే, కష్టం తక్కువగా అనిపించేలా చేస్తుంది. 2004 నుంచి నిషేధ జాబితాలో కూడా లేదు. ఆదివారం దూరం ఉరికే ముందు నేనూ తాగుతాను. మరి నాకు ఆ హక్కు ఎక్కడిది? నేను చెప్పగలిగింది ఇంతే: కాఫీ ఎంత తాగితే ఏమవుతుందో తరాలుగా తెలుసు, ఎక్కువైతే గుండె దడ రూపంలో ఒళ్లు తిరిగి చెప్తుంది. తనతో తాను మాట్లాడుకునేవాడు కబురును విని, విన్న తర్వాత ఇంకాసేపు అని బేరమాడుతున్నాడు. బేరం కుదరని రోజు ఆగుతాడు కూడా. కరెంటు వాగ్దానం చేసేది ఆ కబురే రాకుండా చేస్తానని. ఇది గట్టి గోడ లాంటి తేడా కాదు, గీత ఎక్కడ గీయాలో నాకూ మీకూ కుదరకపోవచ్చు. అయినా గీత ఉందనే అంటాను.

మోసమా అన్న గొడవ

గ్రూపులో ఎక్కువ సాగింది ఇదే కాబట్టి రెండు ముక్కలు. స్వాన్సీ విశ్వవిద్యాలయంలో ఉన్న నిక్ డేవిస్ 2013లోనే దీనికి న్యూరోడోపింగ్ అని పేరు పెట్టి వ్యాసం రాశాడు. ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ వాడా దేన్నయినా నిషేధించాలంటే మూడింటిలో రెండు కావాలి: ఆటను మెరుగుపరచాలి, ఆరోగ్యానికి ముప్పు ఉండాలి, క్రీడాస్ఫూర్తికి విరుద్ధం కావాలి. టీడీసీఎస్ ఆ జాబితాలో లేదు. మొదటి రెండూ తేలలేదు, మూడోది ఎవరి ఇష్టం వారిది. 2006లో ఆక్సిజన్ తక్కువుండే టెంట్లలో పడుకోవడం గురించి కూడా ఇదే చర్చ జరిగి చివరికి నిషేధించలేదు. నొప్పి మందు ట్రమడాల్‌ను మాత్రం 2024 నుంచి పోటీల్లో నిషేధించారు. కష్టాన్నీ నొప్పినీ మరిపించేవాటిని వాడా ఒకే కంట చూడటం లేదన్నమాట.

ప్రొఫెషనల్ సైక్లిస్టు పక్కన డాక్టర్ ఉంటాడు, వెనక కారు ఉంటుంది, ఒంట్లో వేడిని కొలిచే పరికరం కూడా ఉంటుంది. అతను తలకు ఏం పెట్టుకుంటాడన్నది అతనూ అతని డాక్టరూ తేల్చుకుంటారు, నాకు పెద్ద పట్టింపు లేదు. మన గ్రౌండ్‌లో ఉరికేవాడికి ఇవేవీ లేవు. అందుకే ఆటకు ఒక నియమం, ఉద్యోగపు పరుగుకు ఇంకో నియమం ఉన్నా తప్పు లేదంటాను. పీఈటీ సార్‌కు ఇది నచ్చలేదు. "పెద్దోళ్లకు ఒక నీతి, మనోళ్లకు ఒక నీతా?" అన్నాడు. ఆయనకు మన వాళ్లు పై స్థాయికి పోవాలంటే టెక్నాలజీ కావాలని గట్టి నమ్మకం. పర్వతగిరి మండలం కల్లెడ నుంచి వెళ్లి 2024 పారిస్ పారాలింపిక్స్ 400 మీటర్లలో కాంస్యం తెచ్చిన దీప్తి జీవాంజి పేరు తీశాను. ఆమెకు దొరికిన నాగపురి రమేశ్ లాంటి కోచ్ దొరకడం కూడా టెక్నాలజీయే అనుకుంటే నాకు అభ్యంతరం లేదన్నాను. కోచ్‌లు కొనుక్కుంటే దొరకరు కదా అన్నాడు. అదీ నిజమే.

ఇక మూడో రౌండ్ సంగతి. 7:15కి నాలుగు రౌండ్లు అంటే రౌండుకు 1 నిమిషం 48, 49 సెకన్లు. మన పిల్లల్లో చాలామంది మొదటి రౌండు విజిల్ ఊపులో, పక్కవాడి కంటే ముందుండాలన్న టెన్షన్‌లో ఒకటిన్నర నిమిషానికే కొట్టేస్తారు, మూడో రౌండుకు రెండు నిమిషాలు దాటుతుంది. మొదటి రౌండులో 'ఇది ఎక్కువవుతోంది' అని ఒళ్లు చెప్పే మాట వింటే ఆ నాలుగు సెకన్లు అక్కడే దొరుకుతాయి. అదే రౌండులో ఆ మాట వినపడకుండా చేస్తే ఏమవుతుంది? ఇంకా వేగంగా ఉరుకుతారు, మూడో రౌండు ఇంకా ఘోరంగా ఉంటుంది. అంటే అమ్మేవాళ్లు చెప్పినట్టే ఆ హెడ్‌సెట్ పనిచేసినా, వేగం పట్టు తెలియనివాడికి అది నష్టమే చేయొచ్చు. పిల్లగాడికి రాసి పంపింది కూడా ఇదే: వారం రోజులు రౌండు రౌండుకూ టైమ్ రాసుకో, మొదటి రౌండు 1:47 కంటే ముందు ముగించకు, ఫోన్ పక్కన పెట్టి ముందు రాత్రి త్వరగా పడుకో.

పోలీసు నియామక బోర్డు వాళ్లు పరుగు పరీక్షలను ఎండ ముదరకముందే ముగించాలని, నీళ్లూ అంబులెన్సూ గ్రౌండ్ పక్కనే ఉంచాలని అడగడం మన చేతిలో ఉంది, అడుగుదాం. హెడ్‌సెట్లను నిషేధించమని మాత్రం నేను అడగడం లేదు. గ్రౌండుకు వచ్చే ముందే ఇంట్లోనో లాడ్జిలోనో ఇరవై నిమిషాలు పెట్టుకుని, తీసేసి, జుట్టు దువ్వుకుని వచ్చినవాణ్ణి పట్టుకునే రక్తపరీక్ష గానీ మూత్రపరీక్ష గానీ లేదు. నోటిఫికేషన్‌లో ఒక లైను రాసినా అది కాగితం మీదే ఉంటుంది.